పెరల్ వైట్ పనులు ఎందుకు లేటయ్యాయి, రేటు ఎందుకు పెంచాను: ఉన్నదున్నట్టు చెప్తున్నా

అందరికీ నమస్కారం. మన ఆటోనగర్ షెడ్డులో కార్లు ఇచ్చినవాళ్ళు, ఇద్దామనుకుంటున్నవాళ్ళు, ఇచ్చేసి పది రోజుల నుంచి ఫోన్ చేస్తుంటే నేను ఎత్తట్లేదని తిట్టుకుంటున్నవాళ్ళు, అందరికీ ఒకేసారి చెప్పేద్దామని కూర్చున్నా. విజయవాడలో 17 ఏళ్ల నుంచి టింకరింగు, పెయింటింగు ఇదే పని. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లన్నీ నీళ్లలో నానినప్పుడు షెడ్డు ముందు రోడ్డు దాకా బళ్లు పెట్టుకున్నాం, అప్పుడు కూడా ఇన్ని మాటలు పడలేదు, ఈ నెలలో పడ్డా. పడాల్సిందేలెండి, తప్పు మాదే.

ఏం జరిగిందంటే, ఆషాఢంలో ఒక పెరల్ వైట్ (ముత్యంలా మెరిసే తెలుపు) కారు వచ్చింది. కుడిపక్క ఫెండరు, ముందు డోరు లారీ గీసుకుంటూ పోయింది. సొట్టలు లాగాం, పుట్టీ పెట్టాం, ప్రైమర్ కొట్టాం, అక్కడిదాకా వంక పెట్టడానికి లేదు. ఓనరు గారు ముందే "ఆ రెండు ప్యానెళ్లే చెయ్యండి, వెనక డోరు ముట్టుకోవద్దు, కంపెనీ పెయింటు పాడుచెయ్యొద్దు" అన్నారు, నేను సరే అనేశా. మామూలు తెలుపైతే అనొచ్చు. పెరల్‌కి అనకూడదు, ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ అన్నా, ఎందుకంటే కాదంటే బండి పక్క షెడ్డుకి పోద్దని. పని అయ్యాక సాయంత్రం ఆరున్నరకి, బయట మబ్బు, లోపల ట్యూబులైటు, చూస్తే సేమ్ టు సేమ్ అనిపించింది, ఇచ్చేశాం.

మూడో రోజు వాళ్ళు ఫ్యామిలీతో గుంటూరు ఫంక్షన్‌కి వెళ్లారంట. ఫంక్షన్ హాలు ముందు ఎండలో దిగుతుంటే వాళ్ల బావమరిది ఎదురొచ్చి కారు వంక చూసి "ఏం బావా, డోరు పాతసామాన్లో కొన్నావా" అన్నాడంట. ఇది ఆయన నాకు ఫోన్లో నవ్వుతూ చెప్పారు, తిట్టినా బాగుండేది.

నేనేమన్నానో కూడా చెప్పాలి కదా. "సార్, కొత్త పెయింటు కదా, నెల తిరిగేసరికి కలిసిపోద్ది" అన్నా. ఈ మాట మా ఫీల్డులో అందరూ అంటారు, మీరూ వినే ఉంటారు. అది అబద్ధం. తేడాగా కొట్టిన పెరల్ ఆరాక పక్క ప్యానెల్‌తో కలవడం అనేది ఉండదు, కస్టమర్ కన్ను అలవాటు పడిపోద్ది అంతే. మర్నాడు బండి తీసుకురమ్మని మధ్యాహ్నం ఎండలో నిలబెట్టి చూశా. ఎదురుగా నిలబడి చూస్తే పర్లేదు. నాలుగడుగులు పక్కకి జరిగి హెడ్‌లైట్ దగ్గర్నుంచి వెనక్కి చూస్తే మాత్రం ముందు డోరు పాలలా ఉంది, వెనక డోరు మీగడ కట్టిన పాలలా ఉంది, లైట్‌గా పసుపు. బావమరిది తప్పేం లేదు.

ఎందుకలా అయిందో కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే రేటు సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. పెరల్ అంటే అందులో ముత్యాలేం ఉండవు. ఎక్కువగా ఉండేది అభ్రకం, మైకా అంటాం చూడండి అదే, పొడిగా చేసిన సన్నటి రేకులు, వాటి మీద టైటానియం డయాక్సైడ్ పూత. మా అమ్మమ్మగారి ఊరు గూడూరు అవతల, సైదాపురం వైపు, అక్కడంతా అభ్రకం గనులే కదా, చిన్నప్పుడు సెలవులకి పోతే రోడ్డు పక్కన మట్టిలో మెరుస్తున్న ముక్కలు ఏరుకుని గోరుతో పొర పొర విడదీసేవాళ్ళం, గాజు కాగితంలా ఊడొచ్చేది, చేతులకి అంటుకుని అన్నం తినేటప్పుడు కూడా మెరిసేవి. అలాంటి రేకులనే ఇప్పుడు స్ప్రే గన్‌లో పోసి కొడుతున్నానని మా అమ్మకి చెప్తే నమ్మదు. వెలుగు ఆ రేకు పూత పైనుంచి కొంత, లోపల్నుంచి కొంత తిరిగి వస్తది, అందుకే నిలబడే చోటు మారితే రంగు మారినట్టు ఉంటది. అందం అదే, మా తలనొప్పీ అదే.

మామూలు తెలుపుకి రంగు కొట్టి పైన లక్కర్, అంటే రంగు లేని మెరుపు పూత, కొడితే అయిపోద్ది. పెరల్ వైట్‌కి మూడు వరసలు. అడుగున తెల్ల బేస్, మధ్యలో పెరల్, పైన లక్కర్. ఆ మధ్యది పల్చగా, అడుగు కనిపించేలా ఉంటది కాబట్టి ఎన్ని కోట్లు కొట్టావు అన్నదాన్ని బట్టి షేడ్ మారిపోద్ది. రెండు కోట్లకి ఒక తెలుపు, మూడు కోట్లకి ఇంకో తెలుపు, నాలుగుకి ఇంకోటి, డబ్బా ఒకటే, కోడ్ ఒకటే. గన్ దూరంగా పట్టుకుంటే ఒకలా, దగ్గరగా పట్టుకుంటే ఒకలా. "అన్నా డోర్ మీద స్టిక్కర్లో కలర్ కోడ్ ఉందిగా, కంప్యూటర్లో కలిపిస్తారుగా, ఇంక తేడా ఎందుకొస్తది" అని అడుగుతుంటారు, ఇందుకే వస్తది. పైగా మీ కారు ఆరేళ్లు బెజవాడ ఎండలో మాడిన కారు, స్టిక్కర్‌కి ఆ సంగతి తెలీదు.

అందుకే కొట్టేముందు ట్రయల్ కార్డు చెయ్యాలి. ఇనప రేకు ముక్క మీద బేస్ మొత్తం కొట్టి, దాన్ని నాలుగు భాగాలుగా పేపర్ అంటించి, మొదటి భాగానికి ఒక కోటు పెరల్, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా, ప్రతి కోటుకీ మధ్య పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, చివర లక్కర్ కొట్టి, ఎండలోకి తీసుకెళ్లి కారు పక్కన పెట్టి ఏ భాగం కలుస్తుందో చూడాలి. దానికి ముందు కారు పాత ప్యానెల్‌ని కాంపౌండ్‌తో (రుద్దే పాలిష్ పేస్టు) రుద్ది శుభ్రం చెయ్యాలి, లేకపోతే దుమ్ముకి మ్యాచ్ చేస్తాం. ఇదంతా సగం రోజు పని. ఆ రోజు మా పెద్ద పెయింటర్ ఊరెళ్లాడు, కొత్త కుర్రాడు సిల్వరు, మామూలు తెలుపు బ్రహ్మాండంగా కొడతాడు, పెరల్ మీద చెయ్యి ఇంకా పడలేదు. కార్డు చెయ్యకుండా రెండు కోట్లు కొట్టి సరిపోయిందనుకున్నాడు, ఆ బండికి మూడు కావాలి. కుర్రాడిని ఏమీ అనలేదు. డెలివరీ తొందర పెట్టింది నేను.

సరే, మళ్లీ మొదటికొచ్చాం. ఈసారి కార్డు చేశాం, మూడు కోట్ల భాగం కలిసింది. ఫెండరు, ముందు డోరు పూర్తిగా కొట్టి, వెనక డోరు మీదకి, బానెట్ అంచు మీదకి పెరల్‌ని పల్చగా, పల్చగా లాగి వదిలేశాం, లక్కర్ మాత్రం వెనక డోరు, బానెట్ మొత్తానికి. కంటికి తేడా ఎక్కడ మొదలైందో దొరకకుండా చెయ్యడమే ఇందులో పనితనం. అంతా అయింది, లక్కర్ కొడుతున్నాం, హమ్మయ్య అనుకుంటుండగా డోరు మీద ఆవగింజంత గుంటలు, ఒకటి, రెండు, చూస్తుండగానే పాతిక. మేం చేపకళ్లు అంటాం వీటిని. ఎక్కడో సిలికానో, నూనో, గ్రీజో అంటితే వస్తాయి. వెతికితే ఏముంది, గేటు దగ్గర డెలివరీకి రెడీ చేస్తున్న ఇంకో బండికి మా వాటర్ సర్వీసు కుర్రాడు టైర్ పాలిష్ స్ప్రే కొడుతున్నాడు, అందులో ఉండేది సిలికానే, గాలికి అది లోపలికొచ్చింది. లక్కర్ ఆరనిచ్చి, గరుకు పేపర్‌తో రుద్ది, మళ్లీ కొట్టి, ఇంకో మూడు రోజులు. దాని వెనక క్యూలో ఉన్న నాలుగు బళ్లు అందుకే ఆగాయి. శ్రావణంలో పెళ్లికి కావాలన్న గ్రే కారు వాళ్ళకి మరీ మరీ సారీ అండి, మీరు పెళ్లికి ఆటోలో వెళ్లారని తెలిసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టైర్ పాలిష్ డబ్బాలు అయితే షెడ్డులో ఇంక కనపడవు.

ఆ మొదటి కారు ఆయన దగ్గర రెండోసారికి రూపాయి తీసుకోలేదు. చెప్పుకోవడానికి కాదు, కొందరు "డబుల్ తీసుకున్నాడంట" అంటున్నారని రాస్తున్నా. మెటీరియలే నాకు ఎనిమిది వేల పైన పడింది.

ఇప్పుడు రేటు సంగతి. ఇన్నాళ్లూ పెరల్ ప్యానెల్‌కి 4,500 తీసుకునేవాణ్ణి. ఇకనుంచి 6,000, పక్క ప్యానెల్ కలపడానికి ఇంకో 2,000. పక్క ప్యానెల్ ముట్టుకోవద్దు అంటే దండం పెట్టి పంపించేస్తా, కోపం తెచ్చుకోవద్దు. బంపరొక్కటే అయితే విడిగా చేస్తా, కానీ ప్లాస్టిక్‌కీ రేకుకీ కంపెనీ నుంచి వచ్చిన కొత్త బండిలోనే చిన్న తేడా ఉంటది, షోరూమ్ ముందు నిలబడి చూడండి ఒకసారి, అది మాత్రం నా మీద వెయ్యకండి. ప్యానెల్‌కి మూడు రోజులు అని చెప్పేవాణ్ణి, ఇప్పుడు ఐదు అంటా. వానలు పడేటప్పుడు ఆరు కూడా అవ్వొచ్చు, గాలిలో చెమ్మ ఉంటే కంప్రెసర్ పైపులోంచి నీటి చుక్క వచ్చి పెయింటు మీద పొక్కులు లేస్తాయి, అందుకే రోజూ పొద్దున్నే ట్యాంకు కింద మర తిప్పి నీళ్లు వదిలేస్తున్నాం, మొన్నొకరోజు సగం మగ్గు వచ్చాయి.

డెలివరీ కూడా ఇకమీదట పగలే. చీకటి పడ్డాక బండి ఇవ్వను, మీరు అడిగినా ఇవ్వను. ఎండలో బండి చుట్టూ తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని కూడా చూసుకుని తీసుకెళ్లండి. వీలైతే మీ బావమరిదిని కూడా తీసుకురండి.

రీల్స్ చూసి బండి మొత్తం పెరల్ రెడ్ చెయ్యి, పెరల్ బ్లూ చెయ్యి అని అడిగేవాళ్ళకి కూడా ఒక మాట. చేస్తా, కానీ రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పాలి, ఆ తిరుగుడు మీదే. డోర్లు తీస్తే లోపల అంచులు, బానెట్ కింద అన్నీ పాత రంగు కనపడకుండా చెయ్యాలంటే బండి మొత్తం విప్పాలి, నెల పడుద్ది. పైపైన కొట్టి ఇచ్చే పని నేను చెయ్యను.

పెయింటు అయ్యి తీసుకెళ్లినవాళ్ళు వారం దాకా షాంపూ పెట్టొద్దు, నెల దాకా వ్యాక్సు, కోటింగు అంటూ ఏదీ పుయ్యొద్దు, లోపల తిన్నర్ ఇంకా ఎగురుతూ ఉంటది. కాకి రెట్ట పడితే మాత్రం అదే రోజు తడిబట్టతో తీసెయ్యండి, లక్కర్‌ని తినేస్తది.

ప్రస్తుతం లోపల ఐదు బళ్లున్నాయి. అందులో రెండు పెరల్, అవి శుక్రవారానికి ఇస్తా. కొత్త పెరల్ పనులు పై సోమవారం నుంచే తీసుకుంటా, మా పెద్ద పెయింటర్ కూతురి పురుడు అయ్యి అప్పటికి వచ్చేస్తాడు. మామూలు తెలుపు, సిల్వరు వాళ్ళు ఎప్పుడైనా రావొచ్చు. ఫోన్ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు మధ్యలో చెయ్యండి, మిగతా టైములో చేతిలో గన్ ఉంటది, ఎత్తలేను.