ఇకపై మా షెడ్డులో బోట్లను బాత్‌రూమ్ యాసిడ్‌తో కడగం

తాళ్లరేవు వైపు మా షెడ్డుకు బోట్లు తెచ్చే అందరికీ నమస్కారం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం కాబట్టి, మరమ్మతులకు ఫైబర్ బోట్లు ఒడ్డెక్కేది ఈ రోజుల్లోనే. పనులు మొదలవకముందే మూడు విషయాలు చెప్పాలి. మరకలు తీసే పనికి ఈసారి ధర పెరిగింది. ఒక్క పూటలో అయ్యే పని కాదు, రెండు మూడు రోజులు బోటు మా దగ్గరే ఉంచాలి. బాత్‌రూమ్ యాసిడ్ పోసి గంటలో తెల్లగా చేసిమ్మంటే, ఎంత పాత ఖాతాదారులు అడిగినా చేయం. మూడింటికీ కారణం ఒకటే.

మన బోట్లకు పట్టే మరకలన్నీ ఒక రకానివి కావు. నీరు తాకే మట్టంలో బోటు చుట్టూ పట్టీలా కనిపించే గోధుమ రంగు చాలావరకు మడ అడవి నీటిది. కోరింగ కాలువల్లో మడ ఆకులు రాలి, నాని, టీ డికాషన్‌లా రంగు వదులుతాయి. ఆ రంగుకు మూలం టానిన్. నూలు వలల కాలంలో మడ బెరడు కషాయంలో వలలను ముంచి ఆరబెట్టింది ఈ టానిన్ కోసమే, వల తొందరగా కుళ్లకుండా ఉండేది. అదే టానిన్ బోటు పక్కలకు పడితే సబ్బుకు లొంగదు. జూలై, ఆగస్టు నెలల్లో ధవళేశ్వరం దాటి ఎర్ర నీరు దిగినప్పుడు దానిమీద ఒండ్రు పొర చేరుతుంది. ఆ ఎరుపు చాలావరకు మట్టిలోని ఇనుముది.

బోల్టుల కింద కారే చారల సంగతి వేరు. మామూలు ఇనుప బోల్టు తుప్పు కారి టానిన్ పట్టిన చోటికి చేరితే చార నల్లబడుతుంది. పూర్వం కరక్కాయకు ఇనుము కలిపి సిరా తయారు చేసింది ఈ గుణంతోనే. చాలామంది దాన్ని బూజు అనుకుని బ్లీచింగ్ పౌడర్ రుద్దుతున్నారు. బ్లీచింగ్ నాచును, బూజును చంపుతుంది గానీ తుప్పు మరకను తీయదు, ఇంకా ముదరబెడుతుంది. బ్లీచింగ్ రుద్దిన చోట కడగకుండా ఏ యాసిడైనా పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఊపిరితిత్తులకు అది ప్రమాదం, దయచేసి ఆ పని ఎవరూ చేయకండి.

ఇక బాత్‌రూమ్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది తుప్పునూ, అడుగున పట్టిన గుల్లనూ కరిగిస్తుంది, కాదనను. దాంతోపాటు పుట్టీలో చాక్ పొడి ఉంటే దాన్నీ కరిగిస్తుంది, జింకు పూత ఉన్న సామాను పూతను తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలును కూడా వదలదు. అలా పాడైన బోల్టులు కొన్ని షెడ్డులో బల్లమీద పెట్టాం, వచ్చినప్పుడు చేత్తో పట్టుకుని చూడండి. తల మెరుస్తూనే ఉంటుంది. వాషరు జరిపితే మెడ చుట్టూ సూది మొన దూరేంత నల్లటి గుంటలు కనిపిస్తాయి. మరుసటి ఏడు తుప్పు కారేది ఆ గుంటల్లోంచే. ఈ ఏటి మరక తీయడానికి పోసిన యాసిడ్ వచ్చే ఏటి మరకను తయారు చేసి పెడుతుందన్నమాట. మళ్లీ యాసిడ్, మళ్లీ తుప్పు. మీ డబ్బు అలా పోవడం నాకు ఇష్టం లేదు.

రబ్బింగ్ కాంపౌండ్‌తో గీకేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఫైబర్ మీద ఉండే మెరుపు పొరను జెల్ కోటు అంటాం. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. కాంపౌండ్ రుద్దిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది. మరక మందుతో పోయే చోట పొరను అరగదీయడం దండగ.

మేం వాడేది ఆక్సాలిక్ యాసిడ్ పొడి. ముందు సబ్బు నీటితో నాచు, డీజిల్ జిడ్డు పూర్తిగా వదిలించాలి, జిడ్డు ఉంటే మందు మరక దాకా చేరదు. తర్వాత లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల పొడి కలిపి, గోడల మీద పోస్టర్లు అంటించే మైదా జిగురును అందులో కలుపుతాం. జిగురు లేకపోతే నిలువు పక్కల మీద మందు నిలవదు, జారిపోతుంది. పొద్దున ఎండ ఎక్కకముందే బ్రష్షుతో పూసి, పావుగంట, ఇరవై నిమిషాలు ఆరిపోకుండా చూసి, బాగా కడగాలి. గోధుమ పట్టీ చాలావరకు మొదటి పూతకే పలచబడుతుంది. నల్ల చారకు రెండో పూత కావాలి. ప్లాస్టిక్ బకెట్టే వాడాలి, జింకు బకెట్టును ఇది కూడా తింటుంది.

ఇది మెత్తని మందే అయినా కడుపులోకి వెళ్తే విషం. మా కుర్రాళ్లకు చేతి తొడుగులు, కళ్లద్దాలు, పొడి కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి చేశాం. ఇంట్లో చేసుకునే వారు మిగిలిన పొడిని నీళ్ల సీసాల్లో దాచకండి, పిల్లలు తిరిగే చోట పెట్టకండి. కడిగిన నీటిని కాలువలోకి వదలం. కింద పట్టా పరిచి డ్రమ్ములోకి పట్టి సున్నం కలుపుతాం. ఆమ్లం సున్నంతో కలిసి తెల్లటి మడ్డిగా అడుగుకు దిగుతుంది. మన పీతలూ రొయ్యలూ పెరిగే నీళ్లవి, ఈ శ్రమ పడాల్సిందే.

ఆ తర్వాత మైనం. అసలు ఖర్చు ఇక్కడే. ఆక్సాలిక్ యాసిడ్ పాత మైనాన్ని కూడా లేపేస్తుంది, జెల్ కోటు బోసిగా మిగులుతుంది. అలాగే నీట్లోకి దింపితే మరక ముందుకన్నా తొందరగా పడుతుంది. కాబట్టి మరక తీసిన ప్రతి బోటుకూ నీటి మట్టానికి జానెడు పైవరకు రెండు పూతల మైనం పట్టించి గానీ ఇవ్వం. ‘మైనం వద్దు, ధర తగ్గించండి’ అంటే ఒప్పుకోలేను. పొడి ఖరీదు తక్కువే, పెరిగిందంతా మైనానిదీ కూలీదీ.

అన్ని బోట్లూ కొత్తవాటిలా అవుతాయని మాత్రం మాట ఇవ్వను. జెల్ కోటు అరిగి ఫైబర్ పోగులు బయటపడిన చోట మరక లోపలికి దిగి ఉంటుంది, ఏ మందూ తీయదు. అక్కడ పొర మళ్లీ వేయాలి లేదా రంగు వేయాలి. బోటు చూసిన రోజే ఆ సంగతి చెప్పేస్తాం. కర్ర నావల మీద నల్ల మచ్చలకూ ఇదే మందు పనిచేస్తుంది, ధర విడిగా మాట్లాడుకుందాం.

నీట్లోకి దిగాక మీరు చేయగలిగేది చాలా ఉంది. వారానికోసారి, నాచు తడిగా ఉండగానే నీటి మట్టం దగ్గర గుడ్డతో తుడవండి. ఎండిందంటే బ్రష్షు కావాలి. తుప్పు పట్టిన బోల్టు కనిపిస్తే మరక సంగతి తర్వాత, ముందు బోల్టు మార్చండి. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అని అడిగి కొనండి, ఉప్పు నీటికి అదే నిలుస్తుంది. ఎర్ర నీరు తగ్గిన వెంటనే ఒకసారి మంచినీళ్లతో కడగండి. అంత మాత్రం చేసినా వచ్చే ఏడు నాకు పని తగ్గుతుంది, తగ్గనివ్వండి.

బోట్లను మే నెల దాటకుండా తీసుకురండి. జూన్ రెండో వారంలో అందరూ ఒకేసారి వస్తే ఆరబెట్టడానికి వ్యవధి ఉండదు. మధ్యలో వాన పడితే ఆ రోజు మైనం పని ఆపేస్తాం. ఆలస్యంగా వచ్చిన బోట్లకు అడుగు గుల్ల గీకి, సబ్బుతో కడిగి పంపిస్తాం. మరకల పని ఆ రోజుల్లో ఒప్పుకోం.