ఆఖరి జవాబు అందింది

అమలాపురం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులయింది. తోటలో కొబ్బరి దింపు జరుగుతున్నందున కాయల లెక్కలు, కూలీల లెక్కలతోనే సరిపోయి జవాబు ఆలస్యమయింది, మన్నించు. ఇంగ్లండులో నేను చదివిన విశ్వవిద్యాలయంపై పెట్టిన ఫిర్యాదు ఏమయిందని అడిగావు కదా. అది తేలలేదు గాని, అక్కడ తేలదన్న సంగతి మాత్రం తేలింది.

పరిశోధన వ్యాసం రాస్తున్న రోజుల్లో మా పర్యవేక్షకుడు సెలవుపై వెళ్లడం, ఏడు వారాల పాటు ఆయన స్థానంలో ఎవరినీ వేయకపోవడం, గడువు పెంచమన్న నా మెయిలుకు అన్నాళ్లూ జవాబు లేకపోవడం నీకు తెలిసినవే. విశ్వవిద్యాలయంలో ఫిర్యాదు మెట్లన్నీ ఎక్కి దిగాక, ఇక తమ దగ్గర దారి ముగిసిందని చెప్పే ‘కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్’ లేఖ వచ్చింది. అది చూసి నేను కుంగిపోయాను. నాన్నగారు మాత్రం దాన్ని చదివించుకుని, “తహసీల్దారు ఉత్తర్వు చేతికి రాకుండా ఆర్డీవో దగ్గర అప్పీలు వేయగలమా? ఇదీ అంతే” అన్నారు. పొలం గట్టు తగాదాలో ఏళ్ల తరబడి తిరిగిన మనిషి కదా!

ఆ పైమెట్టు పేరు ఆఫీస్ ఆఫ్ ది ఇండిపెండెంట్ అడ్జుడికేటర్, పొట్టిగా ఓఐఏ. 2004 నాటి ఉన్నత విద్యా చట్టం ప్రకారం ఇంగ్లండు, వేల్సు విశ్వవిద్యాలయాలపై విద్యార్థుల ఫిర్యాదులను చూస్తుంది. విద్యార్థి దగ్గర రుసుము తీసుకోదు. ఆ లేఖపై ఉన్న తేదీ నుంచి 12 నెలల లోపు ఫారం పంపాలి, ఆన్‌లైన్‌లో పంపే వీలుంది కాబట్టి ఇక్కడినుంచే పంపవచ్చు. స్కాట్లాండులో చదివిన మీ తమ్ముడికి ఇది వర్తించదు, అక్కడ ఫిర్యాదులు చూసేందుకు వేరే అంబుడ్స్‌మన్ ఉన్నారు.

అసలు చిక్కు నా రాతలోనే ఉంది. మొదటి చిత్తులో నా వ్యాసానికి ఇంకా ఎక్కువ మార్కులు రావాలని మూడు పేజీలు వాదించి, తరువాత మొత్తం కొట్టేశాను. వ్యాసం ఎంత బాగుందన్న విషయంలో ఓఐఏ వేలు పెట్టదు, విశ్వవిద్యాలయం తన నియమాలను తాను పాటించిందా, న్యాయంగా నడుచుకుందా అన్నదే చూస్తుంది. ఫిర్యాదు సబబని తేలినా మార్కులు తాను వేయదు, వ్యాసం మళ్లీ సమర్పించనివ్వమనో, పరిహారం ఇవ్వమనో సిఫారసు చేయగలదు. నాకు అదే చాలు. జిరాక్సు కొట్లో మెయిళ్లన్నీ అచ్చు తీయించి, తేదీల వారీగా పేర్చి కుట్టాను. జూన్ 3న నేను పంపినది ఒక కాగితం, దాని కిందదే వారి జవాబు, జూలై 22ది.

చిత్తు ప్రతి దీనితో జత చేశాను. ఇంకా ఎక్కడైనా నా కోపం మిగిలి ఉంటే ఎర్రసిరాతో కొట్టేసి, నెలాఖరు లోపు తిరిగి పంపు.

నీ మిత్రుడు