హీటరు కొన్నావా?

పర్లాకిమిడి,
మార్గశిర లక్ష్మీవారం

అమ్మలూ,

నీ ఫోను వచ్చి 19 రోజులైంది. ఈ లెక్క మీ అమ్మది. క్యాలెండరు మీద పాలవాడి టిక్కుల పక్కనే నీకో టిక్కు పెడుతోంది. "బిజీగా ఉన్నా నాన్నా" అని నువ్వు పెట్టిన మెసేజి చూపిస్తే, బిజీ అంటే జ్వరమా అని అడిగింది.

ఇక్కడ అంతా బాగానే ఉంది. బోరు మోటారు మళ్ళీ కాలింది. ఎదురింటి ఒడియావాళ్ళు గుమ్మం నిండా బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేస్తే, మీ అమ్మ వాళ్ళతో పోటీకి మన ముగ్గు వీధి మధ్యదాకా లాగి నడుం పట్టేసుకుని కూచుంది. చిన్నత్త మోకాలు అలాగే ఉంది. ఉసిరి పచ్చడి పార్సిలు చేశాం, రెండు సీసాలు. ఒకటి నీకు, ఒకటి నీ రూములో ఉండే ఆ మరాఠీ పిల్లకి. మూతలకి మైనం కాగితం చుట్టాను. పూణేలో చలి బాగా ఉందట కదా. హీటరు కొన్నావా?

మొన్న పాతపట్నం నుంచి బుల్లిమావయ్య వచ్చాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "మన అమ్మలు బట్టల్లేనివాళ్ళ ఫోటోలు తీస్తోందట" అన్నాడు. వాళ్ళబ్బాయి ఫోనులో ఏదో ఎగ్జిబిషను పోస్టరు చూశాడట, దాని మీద నీ పేరుందట. ఆడవాళ్ళవేనట, ఒక్కోసారి మగవాళ్ళవి కూడానట. తప్పని అన్లేదు, ఒప్పని అన్లేదు. ఆ చివర "ట" ఉంది చూశావూ, అది చాలు, మూడు ఊళ్ళు తిరిగొస్తుంది. నిరుడు ఇంటిల్లిపాదినీ కోణార్క తీసుకెళ్ళి ప్రతి గోడ ముందూ ఫోటో దిగొచ్చినవాడు ఈయనే.

ఆ విషయం రాయడానికి కాదీ ఉత్తరం. హీటరు గురించి రాస్తున్నాను.

ఎర్రగా కాలే కడ్డీల హీటరు వద్దు. దాని వెలుగు ఒంటి మీద పడి ఒక పక్క నారింజరంగు వస్తుంది. ఫ్యాను హీటరు రొద పెడుతుంది, చర్మం ఎండగొడుతుంది. నూనె నింపిన రేడియేటరు రకం కొను, చప్పుడూ ఉండదు, వెలుగూ ఉండదు. కాకపోతే గది వేడెక్కడానికి ముప్పావుగంట పడుతుంది, ముందే వెయ్యాలి. 2000 వాట్లది అయితే పవర్ ప్లగ్గులోనే పెట్టు. ఫ్లాష్‌లైట్ల ఎక్స్‌టెన్షను బోర్డుకి తగిలించావో, ఫ్యూజు పోయి చీకట్లో ఆ మనిషి అలా నిలబడి ఉండాల్సొస్తుంది. గదిలో 26 డిగ్రీలుండాలి. నీకు చెమట పడుతోందంటే ఎదుటివాళ్ళకి సరిగ్గా ఉన్నట్టు. చలేస్తే ఒంటి మీద రోమాలు లేస్తాయి, వేళ్ళు నీలమెక్కుతాయి, భుజాలు చెవుల దాకా ముడుచుకుంటాయి. అప్పుడు నువ్వు "రిలాక్స్ అవ్వండి" అంటావు, ఆవిడకి ఒళ్ళు మండుతుంది. కాళ్ళ కింద చాప వెయ్యి, గచ్చు చల్లదనం ముందు అరికాళ్ళకే ఎక్కుతుంది.

వచ్చే ముందు రోజే చెప్పాలి, బిగుతు బట్టలు వేసుకుని రావద్దని. సాక్సు అంచులు, లోబట్టల ఎలాస్టిక్కు, మొలతాడు, వాచీ, అన్నీ అచ్చులు వేస్తాయి. అవి పోవడానికి గంట పట్టొచ్చు. పొద్దుట్నుంచీ వదులు బట్టల్లో ఉండమంటే ఆ గంట కలిసొస్తుంది. లేకపోతే బట్టలు విప్పి మచ్చలు పోయేదాకా ఊరికే కూర్చోవాలి, నువ్వు కూర్చుని చూడాలి. మోటుతనం మొదలయ్యేది అలాంటి ఖాళీ సమయంలోనే.

అందుకే లైటింగంతా గౌనులో ఉండగానే అయిపోవాలి. నల్ల తెర ముందు కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మోసపోతుంది. నలుపంతా కలుపుకుని వెలుగు చాలదనుకుంటుంది, మన చామనఛాయ ఒళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. చేతి మీటరు వాడు. దాన్ని గడ్డం దగ్గర, కెమెరా వైపు తిప్పి పట్టాలి. ఆ పని నువ్వు దగ్గరికెళ్ళి చెయ్యకు, మీటరు ఆవిడ చేతికే ఇచ్చి అంకె చదవమను. తన పనిలో తనకో పనిముట్టు దొరికిందంటే మనిషి నిలబడే తీరే మారిపోతుంది.

ఏ లెన్సు వాడుతున్నావు? 85 మిల్లీమీటర్లది అయితే నిలువెత్తు మనిషి పట్టడానికి నాలుగున్నర, అయిదు మీటర్లు వెనక్కి పోవాలి. మీ గది అంత లేదని తెలుసు, ఫోటోలో చూశాను. 50 అయితే మూడు మీటర్లు చాలు. 35 పెట్టి దగ్గరికి జరిగావంటే నడుము ఒకలా, తల ఒకలా వస్తాయి, పైగా ఎదుటిమనిషికి నీ ఊపిరి వినిపిస్తుంది. రెండు మీటర్ల లోపలికి వెళ్ళాల్సొస్తే ముందు చెప్పు: "ఇప్పుడు భుజం కోసం దగ్గరికొస్తున్నా." చెప్పకుండా ఒక్క అడుగు కూడా వద్దు. ముట్టుకోవడం అసలే వద్దు. జుట్టు పాయ పక్కకి పోయినా వాళ్ళనే సర్దుకోమను. భంగిమ నోటితో చెప్పలేకపోతే నువ్వే నిలబడి చూపించు, అద్దంలోలా వాళ్ళు చేస్తారు.

మాటలు కూడా. "అబ్బ, ఎంత బాగున్నావో" అనకు. మెచ్చుకోవడమే కదా అనుకుంటావు. బట్టల్లేనప్పుడు వినేవాళ్ళకి ఆ మెచ్చుకోలు ఒంటికి తగులుతుంది. "వెలుగు బాగా పడింది", "ఎడమ మోచెయ్యి ఒక వేలు కిందకి", ఇలా ఉండాలి. పాస్‌పోర్టు సైజుకి కూర్చున్న ముసలాయనతో ఏ గొంతుతో మాట్లాడతామో, అదే గొంతు.

ఇదంతా చెబుతుంటే బరంపురం ఫోటో మాష్టారు గుర్తొస్తున్నారు. ఆయన పేరు విన్నావు గానీ సంగతి వినలేదు. ఎమర్జెన్సీ అయిపోయిన కొత్తల్లో ఒక చర్మం డాక్టరుగారు విద్యార్థులకి పాఠం చెప్పడానికి కుష్ఠు మచ్చల ఫోటోలు కావాలని ఆయన్ని పిలిచారు. వీపు మీద, తొడల మీద, పిరుదుల మీద మచ్చలు. మొదట వచ్చినావిడ కొండల మీంచి దిగిన సవరావిడ, నలభై ఏళ్ళుంటాయి. చీర కొంగు రెండు చేతులతో పట్టుకుని గోడకేసి తిరిగి కూచుంది. నర్సు "తియ్యి తియ్యి" అని కసిరింది. మాష్టారు నర్సుని ఆగమని, చక్రాల స్టూలు మీద ఎవరూ లేకుండానే అరగంట లైట్లు సర్దారు. మచ్చ అంచులు ఉబ్బి ఉంటే పక్కనుంచి పడే వెలుగులోనే తెలుస్తాయి, ఎదురుగా కొడితే చదునైపోతాయి. ఎరుపు తేలాలంటే నలుపు-తెలుపు ఫిల్ముకి పచ్చ ఫిల్టరు వెయ్యాలి. మచ్చ పక్కన స్కేలు పెట్టాలి. ఇదంతా అయ్యాక ఆవిణ్ణి పిలిచి కెమెరాలోకి చూడమన్నారు.

ఆయనది రెండు కళ్ళ కెమెరా, పైనుంచి తల వంచి గాజు పలకలోకి చూసేది. అందులో బొమ్మ నిటారుగానే ఉంటుంది గానీ కుడి ఎడమలు తిరగబడతాయి. నర్సు కుడికి జరిగితే బొమ్మలో ఎడమకి జరిగింది. ఆవిడ నవ్వింది. మళ్ళీ జరగమంది. నర్సుని నాలుగుసార్లు అటూ ఇటూ నడిపించింది. ఆ తర్వాత పని పావుగంటే. కన్నం కోసిన దుప్పటి ఒకటి కప్పి, మచ్చ ఉన్నచోట మాత్రం కన్నం తెచ్చి, తీసి, మూసి, ఇంకోచోటికి. రీలుకి 12 బొమ్మలే కాబట్టి ఏది ఎక్కడో ముందే కాగితం మీద రాసుకున్నారు. ఆ కెమెరాలో ఇంకో గుణముంది. ఫోటో తీసేవాడు ఎదుటిమనిషిని కళ్ళప్పగించి చూడడు, తల వంచుకుని ఉంటాడు. ఇప్పటి కెమెరాలతో ముఖం దాచుకుని గురిపెడతాం. నీకు వీలైతే ట్రైపాడు మీద పెట్టి, వెనక తెర మీద చూస్తూ, రిమోటుతో కొట్టు. నీ ముఖం వాళ్ళకి కనిపిస్తూ ఉంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది కదా. పాడైంది తర్వాత. 12 లో ఒక్కదాంట్లో ముఖం పడింది. చెంప మీద మచ్చ కోసం తీసింది. ప్రింట్లు కడిగి ఆరబెట్టడానికి స్టూడియో కుర్రాడు వాటిని పెళ్ళి ఫోటోలు వేలాడే తీగకే క్లిప్పులు పెట్టాడు. పెళ్ళి ఫోటోలకి వచ్చినాయన తీగంతా చూసుకుంటూ పోయి, "ఈవిడ మా పక్క ఊరే కదా" అన్నాడు. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు పడితే నూతి దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. ఆవిడ మళ్ళీ మందులకి రాలేదు. మాష్టారు ఆ నెగెటివుని కత్తిరించి, డాక్టరుగారికి తప్పు చెప్పుకుని, డబ్బు తీసుకోకుండా వచ్చేశారు. ఆ తర్వాత ఆసుపత్రి రీళ్ళు తనే కడిగేవారు, డార్క్‌రూముకి గొళ్ళెం పెట్టి. పేర్ల బదులు నంబర్లు. ముఖం కావాలంటే వేరే రీలు.

ఆయన చూపులో దోషం లేదమ్మలూ. దోషం తీగ మీద ఉంది. మనసు నిగ్రహించుకుంటే సరిపోతుందనుకుంటారు ఈ పనిలో కొత్తవాళ్ళు. మనసు ఏ పూట ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? ఒక్కోసారి చూపు జారుతుంది, ఎదుటిమనిషి అందంగానే ఉంటారు, నువ్వు ఆడదానివైనంత మాత్రాన అది రాదని ఎవరూ రాసివ్వలేదు. వచ్చినప్పుడు ఫ్రేము నాలుగు మూలలూ చూడు. వెనక తెర ముడత, కింద వైరు, వెలుగెక్కువై తెల్లబడ్డ చోట్లు. కళ్ళకి పని దొరుకుతుంది. అయినా పోకపోతే "అయిదు నిమిషాలు విరామం" అని గౌను అందించి బయటికెళ్ళి టీ తాగు. ఎలాగూ 20, 25 నిమిషాలకోసారి విరామం ఇవ్వాలి, చేతులెత్తిన భంగిమ అయితే రెండు మూడు నిమిషాలకే తిమ్మిరెక్కుతుంది. గౌను వేసుకునేదాకా కెమెరా దించి ఉంచు. విరామంలో ఒక్క ఫోటో కూడా తీయకు, ఎంత మంచి వెలుగు పడినా.

దీనికి ఎదురు తప్పు ఇంకోటుంది. నిబ్బరం చూపించాలని కొందరు మనిషిని కుర్చీలా చూస్తారు. పేరు పెట్టి పిలవరు, అసిస్టెంటుతో "ఇది కాస్త జరుపు" అంటారు. అదీ అవమానమే.

ఇంక నీ తీగ ఎక్కడుందో చూసుకో. నీ ఫోనే నీ తీగ. బ్యాకప్ ఆన్‌లో ఉంటే, ఫోనుతో ఒక్క ఫోటో తీసినా గూగుల్ ఫోటోస్ దానంతట అదే పైకి ఎక్కించేస్తుంది, అదే అకౌంటు ఇంటి టీవీలో ఉంటే పండక్కి వచ్చిన చుట్టాల ముందు స్లైడ్‌షో అవ్వొచ్చు. ఆ గదిలో అందరి ఫోన్లూ, నీదీ, ఒక డబ్బాలో పెట్టించు. ఫైళ్ళు పాస్‌వర్డున్న డిస్కులో, నంబర్లతో. పేరూ నంబరూ కలిపే కాగితం వేరేచోట. ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో ఆ రోజే వాళ్ళతో కూర్చుని తేల్చు.

కాగితాలు రెండుండాలి. తీయడానికి ఒప్పుకోలు ఒకటి, ఎక్కడెక్కడ చూపించవచ్చో ఇంకొకటి. ఎగ్జిబిషనుకి సరే అన్నవాళ్ళు ఇన్‌స్టాగ్రాముకి సరే అన్నట్టు కాదు. ఆడవాళ్ళ విషయంలో భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ఈ తేడానే పట్టుకుంటుంది. తీయడానికి ఒప్పుకుని ఇతరులకి చూపడానికి ఒప్పుకోకపోతే, చూపించడం నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళు జైలు. ఒప్పుకోలు లేకుండా ఒంటి మరుగు భాగాల ఫోటో తీసినా, పంచినా పట్టుకునే ఐటీ చట్టం 66ఇ మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కూడా వర్తిస్తుంది, మూడేళ్ళ దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో. వయసు రుజువు కంటితో చూసి జిరాక్సు పెట్టుకో, 18 నిండలేదంటే ఎవరు సంతకం పెట్టినా సరే తీయకూడదు. తోడుగా ఎవరినైనా తెచ్చుకోమను. డబ్బు ముందే ఇచ్చెయ్యి, మధ్యలో వద్దని లేచిపోయినా మొత్తం వాళ్ళదే. డబ్బు కోసం ఉండిపోయినవాళ్ళ ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు.

బుల్లిమావయ్య అడిగాడు, పోలీసులు పట్టుకోరా అని. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, ఆయన పెళ్ళాడబోయే ఆవిడ కలిసి దిగిన నగ్న ఫోటో ఒక జర్మన్ పత్రికలోది, 1993లో కలకత్తా పత్రికలో మళ్ళీ అచ్చయితే కేసు పెట్టారు. 2014లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒంటి మీద బట్టల్లేనంత మాత్రాన అశ్లీలం అయిపోదు, ఆ బొమ్మ ఏం చెబుతోందో ఈనాటి సమాజం కళ్ళతో మొత్తం చూడాలి అంది. చెప్పాను. తల ఊపాడు. కానీ తేలడానికి 21 ఏళ్ళు పట్టిందని ఆయనకి చెప్పలేదు, నీకు చెబుతున్నాను. అందుకే కాగితాలు.

మాకెందుకు చెప్పలేదని అడగను. అడిగినట్టే అయింది, సరే. మీ అమ్మ మొదటి రోజు మాట్లాడలేదు. రెండో రోజు పచ్చడికి ఉసిరికాయలు తొక్కుతూ, "ఆ పిల్లలకి చలెయ్యదా" అంది. అందుకే ఈ హీటరు గొడవంతా.

పచ్చడిలో తడి చెంచా పెట్టకు. పైన నూనె తేలుతూ ఉండాలి, తగ్గితే కాచి చల్లార్చిన నువ్వులనూనె పొయ్యి. పార్సిలులో కొమ్ము దువ్వెన కూడా ఉంది, నీ పాతది పళ్ళు విరిగిందన్నావుగా.

మీ నాన్న

అన్నట్టు, బుల్లిమావయ్యకి జవాబు చెప్పేశాను. "తీస్తోందట కాదు బావా, తీస్తోంది" అన్నాను. కాసేపు ఆలోచించి, "డబ్బులు బాగానే వస్తాయా" అని అడిగాడు. అది నాకూ తెలీదు. ఆదివారం ఫోను చేసి చెప్పు.