క్యాన్ల ఆటో ఇకపై నిదానంగానే వస్తుంది

మా ప్లాంటు నుంచి నీళ్ల క్యాన్లు వేయించుకునే అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం.

వచ్చే సోమవారం నుంచి మన ఆటో టైములు మారుతున్నాయి. కొందరికి క్యాను ఇప్పటికంటే గంట, గంటన్నర ఆలస్యంగా అందుతుంది. ఎందుకో దాచకుండా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పోయిన నెల ఒక పొద్దున ఏడుముప్పావుకు మా ఆటో మన వీధిలోనే ఒక ఇంటి ముందు ఆరబెట్టిన వడియాల మీదుగా పోయింది. ఎదురుగా కారు వేగంగా వస్తే మా డ్రైవరు హ్యాండిల్ పక్కకు తిప్పేశాడు. పాత నూలు చీర మీద వరసలుగా పెట్టిన సగ్గుబియ్యం వడియాలు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చీర ఈ కొసనుంచి ఆ కొసదాకా టైరు అచ్చు పడింది. అంచుకు పెట్టిన రాయి ఎగిరి గేటుకు తగిలింది. నేను పరుగున పోయి డబ్బులివ్వబోతే ఆ ఇంటి అవ్వ తీసుకోలేదు. "వడియాలు పోతే మళ్లా పెట్టుకుంటా నాయనా. ఈడ మా మనవడు కూసోని ఉంటే ఏం జేసేవాళ్లు?" అనింది.

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఆటోలో ఇరవై ఐదు క్యాన్లున్నాయి. క్యానుకు 20 లీటర్లు, అంటే నీళ్ల బరువే 500 కిలోలు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే ఒక ఇల్లు దాటిపోతుంది. 20లో వస్తే అదే సెకనుకు ఐదున్నర మీటర్లే, తగిలినా దెబ్బ బలం నాలుగో వంతు.

డ్రైవరును తిట్టి ఊరుకోవచ్చు. కానీ ట్రిప్పుకు ఇంత అని లెక్కగట్టి ఇస్తున్నది నేను. ట్రిప్పుల లెక్కన డబ్బిస్తే ఎవరైనా ఉరుకుతారు. ఎండాకాలం ఆర్డర్లు పెరిగినప్పుడు "ఇంకో ట్రిప్పు వేసిరా" అని తొందరపెట్టిందీ నేనే. ఈ నెల నుంచి ఆ పద్ధతి తీసేసి నెల జీతం చేశాను.

మన వీధి సంగతి మీకు తెలిసిందే. కర్నూలు సి క్యాంపు సెంటర్లో కాస్త ఇరుకైతే చాలు, నంద్యాల చెక్‌పోస్టు వైపు పోయే బండ్లు ఇటు దూరుతున్నాయి. రైతు బజారు రద్దీగా ఉండే ఆదివారం పొద్దున మరీ ఎక్కువ. ఫోన్లో మ్యాపు ఇది ఖాళీ దారి అని చూపిస్తుంది. ఆ ఖాళీలోనే మనవాళ్లు కుళాయి నీళ్లు పట్టుకుంటారు, ముగ్గు వేస్తారు, సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడతారు. 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ మున్సిపల్ పరిధిలో కారుకు గరిష్ఠ వేగం 70 అని పెట్టింది. అది పెద్ద రోడ్లకు సరిపోయే అంకె. 2020లో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రతా సమావేశమైతే, నడిచేవాళ్లూ బండ్లూ కలిసి తిరిగేచోట 30 దాటొద్దని ప్రకటించింది. మన వీధికి అదీ ఎక్కువే అంటాను.

వీధికి రెండు వైపులా ఇనుప గేట్లు పెట్టేద్దామని మొన్న కొందరు పెద్దలు అన్నారు. నేను ఒప్పుకోలేదు. అర్ధరాత్రి 108 బండి వస్తే తాళం కోసం ఎవరిని లేపాలి? వెనక వీధి నుంచి బడికి నడిచే పిల్లలు, కూరగాయల తోపుడు బండి అక్క, వాళ్లకూ ఇదే దారి. పోయేవాళ్లు పోనీ, నిదానంగా పోనీ. నేను అడిగేది అంతే.

మనమే సిమెంటుతో దిమ్మె పోసుకుందామన్న మాటా వద్దు. స్పీడ్ బ్రేకరుకు లెక్క ఉంది: ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పినది 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, పైన గుండ్రంగా ఉండాలి, తెల్ల గీతలుండాలి, ముందే బోర్డుండాలి. గట్టులా నిటారుగా పోసిన దిమ్మె మీద రాత్రిపూట బైకువాళ్లు పడతారు, గర్భిణితో పోయే ఆటో ఎగురుతుంది. సరైన కొలతతో వేయమని నగరపాలక సంస్థకు అర్జీ రాశాం. సంతకాల కాగితం మా ప్లాంటులో ఉంది, వచ్చినప్పుడు చేసి పోండి.

ఇక మా వైపు మార్పులు. బడి టైములో, అంటే పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదింపావు వరకు, సాయంత్రం మూడుముప్పావు నుంచి ఐదు వరకు మా ఆటో వీధుల్లోకి రాదు. మిగతా వేళల్లో 20 దాటదు. వెనక్కు తీయాలంటే ఆటోలో ఉండే హెల్పరు దిగి చూస్తేనే తీస్తారు. లోపలి సందుల్లోకి ఆటో అసలు పోదు, తోపుడు బండి మీద తెస్తారు. రోజుకు ఒక ట్రిప్పు తగ్గుతుంది, ఆ నష్టం నేను భరిస్తాను. క్యాను ధర పెంచడం లేదు.

ప్లాంటుకు వచ్చి క్యాన్లు నింపుకునేవాళ్లకు ఒక మనవి. "రెండు నిమిషాలే కదా" అని ఎదురింటి గేటుకు అడ్డంగా బైకు పెడుతున్నారు. గిరాకీ పోతుందేమోనని ఇన్నాళ్లు నేను నోరెత్తలేదు, అది నా తప్పు. ఆ ఇంటి పెద్దాయన రెండుసార్లు స్కూటరు బయటికి తీయలేక నిలబడిపోయారు. ప్లాంటు పక్క ఖాళీ స్థలం శుభ్రం చేయించాను, బండ్లు అక్కడ పెట్టండి. గేటు ముందు బండి ఉంటే క్యాను నింపొద్దని మావాళ్లకు చెప్పాను, కోపం చేసుకోకండి.

మా ఆటో ఎక్కడైనా ఉరుకుతూ కనబడితే క్యాను మీదున్న నంబరుకు ఫోన్ చేయండి, నేనే ఎత్తుతాను. సోమవారం మొదటి ట్రిప్పులో డ్రైవరు పక్కన నేనూ వస్తాను. ఖాళీ క్యాన్లు మాత్రం గేటు లోపలే పెట్టండి. బయట పెడితే గాలికి దొర్లి రోడ్డు మధ్యకు వస్తున్నాయి.