బాడీకి లక్షలు, లెన్సుకు మిగిలిన చిల్లర

సంపాదకులకు నమస్కారం.

ముహూర్తాల కాలం దగ్గరపడుతున్నదంటే మీ పత్రికతో సహా అన్ని పత్రికల్లోనూ కెమెరాల ప్రకటనలు పెరుగుతాయి, వాటితోపాటే కొత్త మోడళ్ల పరిచయాలూ వస్తాయి. ఆ పరిచయాల్లో మెగాపిక్సెళ్లు ఎన్ని, సెకనుకు ఫ్రేములు ఎన్ని అన్న లెక్కలు ఉంటాయి గాని, పెట్టెలో వచ్చే లెన్సు ఎలాంటిది, మెమరీ కార్డు పెట్టే స్లాట్లు ఒకటా రెండా అన్న ప్రస్తావన అరుదు. తెనాలిలో ఫోటో స్టూడియో నడుపుతున్న నా దగ్గరకు, ఈ పనినే వృత్తిగా పెట్టుకోవాలనుకునే కుర్రాళ్లు ఆ కత్తిరింపులు పట్టుకొచ్చి “అన్నా, వీటిలో ఏది కొనమంటావు?” అని అడుగుతూ ఉంటారు. ఉన్న సొమ్ములో పెద్ద భాగం లెన్సులకు పెట్టమని, బాడీ, అంటే లెన్సు లేని కెమెరా, ఒక తరం పాతదైనా ఫరవాలేదని వాళ్లకు చెబుతుంటాను. అలా ఎందుకు చెబుతున్నానో మీ పాఠకులకు కూడా వివరించాలనే ఈ లేఖ.

మన చిన్న పట్టణాల్లో కొత్త ఫోటోగ్రాఫరుకు మొదటి సంపాదన దాదాపుగా పెళ్లిళ్ల నుంచే వస్తుంది గనుక, కెమెరా ఎంపిక మండపంలోని వెలుతురు దగ్గర మొదలుకావాలి. సుముహూర్తం చాలాసార్లు అర్ధరాత్రికో తెల్లవారుజాముకో పడుతుంది. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకుని ఉంటారు. పురోహితుడు సైగ చేయగానే గట్టిమేళం అందుకుంటుంది, ఇద్దరూ ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు, తెర దిగుతుంది. పెళ్లికూతురు కళ్లెత్తి చూసే ఆ రెండు మూడు క్షణాల్లో ఒకవైపు మేనమామ భుజం, మరోవైపు వీడియో వాళ్ల లైటు అడ్డం వస్తుంటాయి, వెనుక డెకరేషన్ వాళ్లు పెట్టిన ఊదారంగు పార్ లైట్లు ముఖాల మీద పడుతుంటాయి. కెమెరాకు అసలు పరీక్ష అక్కడే గాని, దుకాణం అద్దాల వెలుగులో కాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. లెన్సు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చెప్పే, దాని మీద రాసి ఉండే ఎఫ్ అంకె సగమైతే లోపలికి వచ్చే వెలుతురు నాలుగింతలవుతుంది. క్రాప్ సెన్సర్ (వెలుతురును పట్టే చిన్న సైజు పలక) కెమెరాలతో పెట్టెలోనే ఇచ్చే 18-55 మిల్లీమీటర్ల కిట్ లెన్సును పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు. చేతులు కదులుతున్న ఆ ఘట్టానికి షట్టరు వేగం సెకనులో 200వ వంతు పెట్టామనుకుంటే, ఈ కిట్ లెన్సుకు ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో ఫోటోను ప్రకాశవంతం చేసే అంకె; పెరిగేకొద్దీ ఫోటోలో గరుకు పెరుగుతుంది) 12800 కావలసిన చోట ఎఫ్ 2.8 లెన్సుకు 3200, ఎఫ్ 1.8 లెన్సుకు దాదాపు 1250 సరిపోతుంది. 12800 దగ్గర క్రాప్ సెన్సర్ తీసిన ఫోటో సెల్‌ఫోన్ తెర మీద బాగానే ఉన్నట్టుంటుంది; 12 × 36 అంగుళాల ఆల్బమ్ షీటు మీదకు ఎక్కినప్పుడు పట్టుచీర జరీ అంతా ముద్దగా అలుక్కుపోయి, పసుపు రాసిన బుగ్గల మీద ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది.

ఈ ఇబ్బందికి కుర్రాళ్లు ముందుగా ఆలోచించే మందు ఫుల్ ఫ్రేమ్ బాడీ, అంటే పెద్ద సెన్సరున్నది. ఫుల్ ఫ్రేమ్ సెన్సరు 36 × 24 మిల్లీమీటర్లు, నికాన్, సోనీ కంపెనీల క్రాప్ సెన్సరు సుమారు 23.5 × 15.6 మిల్లీమీటర్లు. విస్తీర్ణంలో రెండుంపావు రెట్లకు కాస్త ఎక్కువ, అంటే వెలుతురు లెక్కలో ఒక స్టాపుకు (స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడం) కొంచెం పైన లాభం. పాత బాడీకే ఎఫ్ 2.8 లెన్సు బిగిస్తే వచ్చే లాభం రెండు స్టాపులు, ఎఫ్ 1.8 అయితే మూడు దాటుతుంది. పైగా ఫుల్ ఫ్రేముల్లో చవక బాడీలతో కలిపి అమ్మే కిట్ జూములు అంతకంటే మందకొడివి: కానన్ ఆర్8తో ఇచ్చే 24-50, నికాన్ జడ్5తో ఇచ్చే 24-50, రెండూ జూమ్ చివరకు వచ్చేసరికి ఎఫ్ 6.3 దగ్గర ఆగిపోతాయి. రెండేళ్ల ఈఎంఐ నెత్తిన వేసుకుని బాడీ మార్చి, అదే పెట్టెలోని లెన్సుతో మండపం ఎక్కినవాడికి, వెలుతురు విషయంలో తనకు ఒక స్టాపు లాభం కూడా మిగల్లేదని మొదటి పెళ్లిలోనే తెలుస్తుంది. మా ప్రాంతంలో ఇలా కొన్న ఒక తమ్ముడు కంతులు కట్టలేక ఆ కెమెరాను సగానికి దగ్గర ధరకు వదిలించుకున్నాడు. పనితనంలో అతనికి ఏ లోటూ లేదు.

ఎఫ్ అంకె ఒక్కటే చూసి లెన్సు కొనడం కూడా తగదు. కానన్, సోనీ మౌంట్లలో (మౌంటు అంటే బాడీకి లెన్సు బిగించే చోటు, కంపెనీకొక తీరు) 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 చవకగా వస్తుంది గనుక అందరూ మొదట దాన్నే తెచ్చుకుంటారు. క్రాప్ సెన్సరు మీద అది ఫుల్ ఫ్రేము మీది 75 లేదా 80 మిల్లీమీటర్ల లెన్సంత ఇరుకైన చూపుతో పనిచేస్తుంది. వధువును ఒంటరిగా తీయడానికి అంతకంటే ఏం కావాలి గాని, మండపం చుట్టూ బంధువులు మూడు వరుసల్లో నిలబడితే వెనక్కి జరగడానికి ఫోటోగ్రాఫరుకు అడుగు చోటు ఉండదు. అక్కడ 35 మిల్లీమీటర్ల ప్రైమ్ (జూమ్ లేని లెన్సు) గాని, సిగ్మా 18-50, టామ్రాన్ 17-70 వంటి ఎఫ్ 2.8 జూములు గాని నిజంగా అన్నం పెడతాయి. ఫుల్ ఫ్రేములో ఆ చోటు 24-70 లేదా 28-75 ఎఫ్ 2.8ది. 70-200 మోసుకు తిరగడం చూడటానికి దర్జాగా ఉంటుంది, నాకూ ఆ లెన్సంటే మోజే. అయినా మొదటి ఏడాది దాన్ని పెళ్లిని బట్టి అద్దెకు తెచ్చుకోవడమే మేలు. హైదరాబాదు, విజయవాడల్లో రోజు అద్దెకు ఇచ్చేవాళ్లు ఉన్నారు.

బాడీ ఎంచుకోవడమంటే మౌంటు ఎంచుకోవడం. బాడీ నాలుగైదేళ్లలో మారిపోతుంది, లెన్సులు పదేళ్లు ఇంట్లో ఉంటాయి. సోనీ తన ఇ మౌంటు వివరాలను 2011లోనే ఇతర లెన్సు తయారీదారులకు ఇచ్చింది గనుక, ఆ మౌంటుకు సిగ్మా, టామ్రాన్ లెన్సులు విరివిగా, అందుబాటు ధరల్లో ఉన్నాయి. కానన్ ఆర్ఎఫ్ మౌంటు 2018లో వచ్చినా, సిగ్మా 18-50 దానికి 2024లో గాని రాలేదు, అదీ క్రాప్ సెన్సరుకు. అలాగని కానన్ కొనవద్దని నేననను: 1987 నుంచి వస్తున్న ఇఎఫ్ లెన్సులు అడాప్టరుతో (పాత లెన్సును కొత్త మౌంటుకు కలిపే రింగు) ఆర్ సిరీస్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా చక్కగా పనిచేస్తాయి, సెకండ్ హ్యాండులో అవి దండిగా దొరుకుతాయి. నికాన్‌లో మాత్రం ఒక మెలిక ఉంది. డి3000, డి5000 సిరీసుల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, జడ్ మౌంటుకు వేసే ఎఫ్‌టీజడ్ అడాప్టరులోనూ లేదు. చవకగా వచ్చిందని సొంత మోటారు లేని ఏఎఫ్-డి రకం పాత లెన్సు తెచ్చుకుంటే చేత్తో తిప్పుకుంటూ ఫోకస్ చేయవలసిందే, తలంబ్రాల వేళ అది జరిగే పని కాదు. ఈ సంగతి అమ్మేవాడు తనంతట తాను చెబుతాడని ఆశించకూడదు.

బాడీలో నేను రాజీపడని అంశం ఒకటే: కార్డు స్లాట్లు రెండు ఉండాలి. మెమరీ కార్డు చెడిపోవడానికి కారణం అక్కరలేదు, కంపెనీ కార్డు కూడా చెప్పాపెట్టకుండా చచ్చిపోతుంది. ఇక మార్కెట్లో తిరిగే నకిలీ కార్డుల సంగతి సరేసరి. ప్రతి ఫోటో రెండు కార్డుల్లోనూ ఒకేసారి పడేటట్టు పెట్టుకుంటే ఒకటి పోయినా పెళ్లి పోదు. తీసుకున్న అడ్వాన్సు తిరిగి ఇచ్చేయవచ్చు, మాంగల్యధారణ మళ్లీ చేయించలేము కదా. 2014 నాటి నికాన్ డి750లో రెండు స్లాట్లున్నాయి, 2018లో వచ్చిన సోనీ ఏ7 3లో ఉన్నాయి, 2020లో వచ్చిన నికాన్ జడ్5లో, కానన్ ఆర్6లో ఉన్నాయి, క్రాప్ సెన్సరులోనే కావాలంటే 2022 నాటి కానన్ ఆర్7లో ఉన్నాయి. 2023లో వచ్చిన కానన్ ఆర్8లో మాత్రం ఒకటే. ఆర్8 ఫోటో నాణ్యతకు వంక పెట్టలేం, ప్రయాణాలకు ముచ్చటైన కెమెరా. ఒంటరిగా పెళ్లి ఒప్పుకున్నవాడి చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పదు. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త తరం కెమెరా) కొనేవాళ్లకు మరొక మాట: సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టరు పెట్టి ఎల్ఈడీ లైట్ల కింద తీస్తే చాలా బాడీల్లో ఫోటో మీద అడ్డచారలు పడతాయి, కాబట్టి మండపంలో మెకానికల్ షట్టరే వాడాలి.

సెకండ్ హ్యాండు బాడీకి షట్టరు కౌంటు (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందనే లెక్క) అడగడం ఇప్పుడు అందరికీ తెలుసు. డి750 వంటి బాడీల షట్టరును కంపెనీ లక్షన్నర క్లిక్కుల వరకు పరీక్షించి చెబుతుంది, అందులో సగం లోపు ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. లెన్సును మాత్రం అంత శ్రద్ధగా ఎవరూ చూడరు. తీరప్రాంతపు ఉక్కకు విశాఖ, కాకినాడ, మచిలీపట్నాల్లో, మా దగ్గర కూడా, బీరువాలో బ్యాగుతో సహా పెట్టిన లెన్సుకు ఫంగస్ పట్టడం మామూలు. రెండు మూతలూ తీసి, ఎఫ్ అంకెను పూర్తిగా తెరిచి, వెనుక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి పక్కవాటుగా చూడాలి. సాలెగూడు పోగుల్లాంటి సన్నని తెల్లటి గీతలు గాజు అంచు నుంచి లోపలికి పాకుతూ కనిపిస్తే, ధర ఎంత తగ్గించినా తిరిగి ఇచ్చేయడం మంచిది. కొన్న లెన్సును సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో ఉంచాలి, చేతనైతే డ్రై క్యాబినెట్ కొనాలి.

బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామనే వాళ్లూ ఉంటారు. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 28 శాతం కాదు, 18 శాతమే. ఆ మిగులు కోసం దేశంలో వారంటీ చెల్లని సరుకును ఇంటికి తెచ్చుకోవడం వృత్తి చేసేవాడికి తగదు.

హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీకి డిగ్రీ చదువే ఉంది. అక్కడి దాకా వెళ్లలేని పిల్లలు స్టూడియోల్లో లైటు పట్టుకుంటూ, యూట్యూబ్ చూస్తూ, మీ పత్రిక చదువుతూ నేర్చుకుంటున్నారు. కనుక ఇకమీదట మీరు ఏ కెమెరాను పరిచయం చేసినా దానితో ఇచ్చే లెన్సు జూమ్ చివర ఎఫ్ ఎంత, కార్డు స్లాట్లు ఎన్ని, ఆ మౌంటుకు ఎఫ్ 2.8 జూము అన్నింటికంటే తక్కువలో ఎంతకు దొరుకుతుంది, సర్వీసు సెంటరు మన రెండు రాష్ట్రాల్లో ఏ ఊళ్లో ఉంది అన్న నాలుగు వివరాలను ధర పక్కనే అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక స్టూడియో నిర్వాహకుడు,
తెనాలి.