నిజాయితీ ఆటోడ్రైవర్ ఒక్కడికేనా?

సంపాదకుడు గారికి, నమస్కారం.

ఆటోలో మరిచిపోయిన నగల బ్యాగు తిరిగిచ్చిన డ్రైవర్ వార్త మన హైదరాబాద్ పేజీల్లో తరచూ కనిపిస్తుంది. శీర్షిక దాదాపు ఒకటే: ‘నిజాయితీ చాటుకున్న ఆటోడ్రైవర్’. పోలీస్ స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ పక్కన ఖాకీ చొక్కా, దానిమీద శాలువా. కిరాయిలు వదులుకుని బ్యాగు మనిషిని వెతుక్కుంటూ తిరిగినవాణ్ణి మెచ్చుకోవాల్సిందే. కానీ ‘నిజాయితీ’ అన్న మాటను మనం ఆటోడ్రైవర్లకు, కండక్టర్లకు, పారిశుధ్య కార్మికులకే దాచిపెట్టాం. పేదవాడు దొంగతనం చేయకపోవడమే వింత అన్నట్టుంది, నాకు కష్టంగా ఉంటుంది.

మరోపక్క ప్రభుత్వ ఆఫీసుల్లో డబ్బు గుంజితే ‘మామూళ్లు’, ‘చేయి తడపడం’, ‘అమ్యామ్యా’ అని రాస్తున్నాం. చదివితే కోపం రాదు.

ఈమధ్య మా వీధిలోని ఒక పెద్దావిడకు తోడుగా ఒక ఆఫీసుకు వెళ్లాను. భర్త పోయారు, ఇంటి పన్ను ఆవిడ పేరుకు మారాలి. కాగితాలన్నీ ఉన్నాయి. అటెండర్ గొంతు తగ్గించి, “సార్‌ని కాస్త చూసుకోవాలి కదమ్మా” అన్నాడు. ఎంత అని కూడా అడక్కుండా ఆవిడ పర్సు తీసింది. “లంచమా?” అన్నాను, నలుగురికీ వినపడేలా. “అంత పెద్ద మాటెందుకమ్మా!” అంటూ వెనక్కి తగ్గాడు. పర్సు మళ్లీ సంచిలోకి వెళ్లింది.

చట్టం మాత్రం దీన్ని చిన్నగా చూడదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతంమీద ఇవ్వాల్సి వస్తే, 7 రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలిపినవారికి మినహాయింపు ఉంది. మన ఏసీబీ టోల్‌ఫ్రీ నంబర్ 1064. ఆ పెద్దావిడకు ఇవేవీ తెలియవు. తెలిసినవాళ్లు మా వీధిలో ఎందరుంటారు?

ఇక ఉద్యోగుల సంగతి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలో సంపూర్ణ నిజాయితీ ఒక విధి. పదవీ విరమణ సభలో దాన్ని ఘనకార్యంగా పొగడటం చూస్తే, మనం ఎంత తక్కువతో సరిపెట్టుకుంటున్నామో అర్థమవుతుంది.

అందుకే మీకు ఈ మనవి. లంచాన్ని లంచమనే రాయండి. ఏసీబీ దాడి వార్త వేసిన ప్రతిసారీ కింద 1064 నంబరు, 7 రోజుల గడువు రెండు లైన్లలో ఇవ్వండి. బ్యాగు తిరిగిచ్చిన డ్రైవర్‌ది, ఆయన ఒప్పుకుంటే, పేరే శీర్షికలో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్