థోర్ సుత్తికి అంత పిడి లేదండీ

సంపాదకులకు,

ఆదివారం పిల్లల పేజీలో ఉత్తర ఐరోపా పురాణాల ఉరుముల దేవుడు థోర్ సుత్తికి మూరెడు పిడి గీశారు. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో రాసిపెట్టిన కథలో అది పొట్టిది. మహాకాయుల తలలు పగలగొట్టే ఆ సుత్తిని మరుగుజ్జు అన్నదమ్ములు సింద్రి, బ్రొక్ చేస్తుంటే, ఈగై వచ్చిన కొంటె దేవుడు లోకీ తిత్తి ఊదే బ్రొక్ కనురెప్పను కుట్టాడు. కంట్లోకి నెత్తురు కారి బ్రొక్ ఒక్క క్షణం తిత్తి మీంచి చెయ్యి తీశాడు. అంతే, పిడి కురచైంది.

నేనూ ఎనిమిదేళ్లప్పుడే నాన్న కొలిమి దగ్గర తిత్తి ఊదాను. ముంజేతి మీద రవ్వ పడి వదిలేస్తే కొడవలి సరిగా కాగలేదు. ఆ తిట్లు ఇంకా గుర్తే. విసిరితే తిరిగొచ్చే మహిమ సరే, నాకు ఆ పొట్టి పిడే ముద్దు. ఈసారి బొమ్మలో కాస్త కోసెయ్యండి.

— ఒక కమ్మరి కొడుకు, జనగామ